కరెంటుకు కాళ్లు

పక్కింటివాళ్లు కొత్త ఇల్లు కడుతున్నారు. ఈ ఉదయం ప్రహరీ పక్కన కరెంటు ఎర్తు కోసం గుంత తవ్వి, బొగ్గులూ ఉప్పూ వేసి నీళ్లు పోశారు. తడిసిన బొగ్గుల వాసన కిటికీలోంచి వచ్చేసరికి చేతిలో కాఫీ చల్లారిపోయిందని కూడా గమనించలేదు. డెబ్బై దాటినదాన్ని మళ్లీ ఇరవయ్యేళ్ల కోడలినైపోయాను. ఆ వాసన నాకు మస్తాన్ సాహెబుది. తిరుపతిలో ఆ రోజుల్లో వైరింగు పని చేసిన ఆయన పేరు ఇప్పుడు ఎవరికీ తెలియదు. నాకు మాత్రం బడిలో పాఠాలు చెప్పినవాళ్లందరికంటే ఆయనే పెద్ద గురువు.

అప్పుడు రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. తిరుచానూరు దారిలో మా అత్తగారిది తాతలనాటి మట్టిగోడల మిద్దె. నడిమింట్లో పట్టపగలు కూడా చీకటే. మా మామగారు బతికుండగా పెట్టించిన ఒకే ఒక్క బల్బు కింద కూర్చుని నేను మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా చదువుకునేదాన్ని. కిరసనాయిలు రేషను గనుక బుడ్డిదీపం వెలిగించుకునే ఆశ లేదు. మా అత్త ఏటా ఆయుధపూజనాడు రోకలికీ, కత్తిపీటకూ పెట్టినట్టే ఫీజుల బోర్డుకూ పసుపునీళ్లు చల్లి, గంధం పూసి, బొట్లు పెట్టేది. ఆ ఏడు తడిచేత్తో బొట్టు పెట్టబోయి షాకు కొట్టి వెనక్కి పడింది. ఒంటికి దెబ్బ తగల్లేదు గానీ మనసుకు గట్టిగా తగిలింది. "పూజ జేస్తే తంతాదా ఇది? పీకి పారేయండి!" అని కూర్చుంది. మా ఆయన తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. పరీక్షకు ఇంకా అయిదు నెలలుంది. ఆ బల్బుతో పాటే నా చదువూ ఆరిపోతుందని కుమిలి కుమిలి ఏడ్చాను.

కనెక్షను పీకించడానికే మా ఆయన మస్తాన్ సాహెబును పిలుచుకొచ్చారు. నెరిసిన గడ్డం, మోకాళ్ల దాకా మడిచిన పైజామా. నిచ్చెన ఎక్కబోతూ బల్బు కింద తెరిచి ఉన్న నా పుస్తకం చూసి ఆగిపోయారు.

"ఎవురు సదువుకుంటా ఉండేది?"

"నేనే," అన్నాను తలుపు చాటునుంచి.

ఆయన మా ఆయన వైపు తిరిగారు. "సదువుకునే ఇంట్లో దీపం పీకేది నా సేత కాదప్పా. జబ్బేందో సూస్తా, ఉండు."

బోర్డు విప్పితే లోపల ఏళ్లనాటి పసుపు, గంధం పెచ్చులు కట్టి ఉన్నాయి. పింగాణీ ఫీజుల సందుల్లో కుంకుమ. చెక్క నానిపోయి నల్లబడింది. ఇక మా అత్తకు అక్షింతలు పడతాయనుకున్నాను. ఆవిడ అప్పటికే నడుం మీద చేతులు పెట్టుకుని తయారుగా ఉంది.

"నేనే సేసినా పూజ. ఏమప్పా, తప్పా?"

సాహెబు నిదానంగా ఇటు తిరిగారు. "తప్పేం లేదమ్మా. సోటు తప్పినాది, అంతే. మొగాన నీళ్లు కొడితే ఎవురికైనా కోపం వస్తాది. కాళ్లు కడిగితే సల్లబడతాది. ముందు పని సేసినోడు నీ కరెంటుకు కాళ్లే పెట్టలా. నేను పెడతా, నువ్వు కడుగు."

మా అత్త నడుం మీది చేతులు దించి, "ఎప్పుడు పెడతావప్పా?" అంది.

సామాను దొరకని ఆ రోజుల్లో ఎక్కడెక్కడ తిరిగారో, వారం తర్వాత కొత్త టేకు పలక, ఇనుపపెట్టె మెయిను స్విచ్చి, పింగాణీ ఫీజులు తెచ్చారు. వీధిలో కరెంటు ఆపించి, పాత బోర్డు ఊడదీసి కొత్తది బిగించారు. పెరట్లో ఎర్తుకు గుంత తవ్వి, ఇనుపగొట్టం పాతి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ కూరి, అక్కడినుంచి ఇనుపపెట్టెకు రాగితీగ లాగారు. ఫీజుతీగ నా చేతికిచ్చి, "నీ దీపం తల్లీ, నువ్వే కట్టు," అన్నారు. గట్టిగా ఉండాలని నేను మూడు పోగులు పేనితే నవ్వి విప్పించారు. "ఒక్క పోగు సాలు. ఏదన్నా వస్తే అది తెగిపోవాల, ఇల్లు నిలవాల." ఒంటిపోగుతో మళ్లీ కట్టాను.

వీధిలో కరెంటు రాగానే సాహెబు మా అత్తను పిలిచారు. ఆవిడ ముందు బిందెడు నీళ్లు గుంతలో పోసి, గట్టున పసుపు రాసి, బొట్టు పెట్టింది. తర్వాత చేయి తుడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని మెయిను వేసింది. నడిమిల్లు భగ్గున వెలిగింది! ఆవిడ ఒక కన్ను తెరిచి ఇనుపపెట్టెను వేలితో తాకింది, తర్వాత అరచెయ్యి ఆనించింది. ఏమీ కాలేదు. వీధి చివరిదాకా వినబడేలా అరిచింది.

"మ్మే! ఇంకా సూస్తావేంది, పుస్తకం తియ్యి!"

ఆనందంతో నాకు అక్షరాలు అలికేసినట్టు కనిపించాయి. మార్చిలో పరీక్ష రాశాను. పాసయ్యాను. మా అత్త బతికినంతకాలం ప్రతి శుక్రవారం ఆ గుంతకు నీళ్లు పోసింది. ఎండాకాలంలో రోజూ పోసింది. ఆ ఇంట్లో మళ్లీ ఎవరికీ షాకు కొట్టలేదు.

ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అయినా తప్పుల తడకగా ఉన్న నోటుబుక్కు చేతికొచ్చినప్పుడల్లా ఆ కోపాన్ని మింగి, "తప్పేం లేదమ్మా, చోటు తప్పింది," అనేదాన్ని. అన్నాక పెన్సిలు ఆ పిల్ల చేతికే ఇచ్చేదాన్ని.

ఇందాక పక్కింటికి చెంబుతో నీళ్లు పట్టుకెళ్లాను. పనివాడు నవ్వాడు. "మేం పోసేసినాం కదమ్మా!"

"తెలుసు నాయనా," అని, కరెంటు కాళ్లు నేనూ ఒకసారి కడిగి వచ్చాను.