మొత్తం విన్నాను, సారయ్యా

పదేళ్లు దాటింది. ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఈ రోజు మీ ముందు కక్కేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే మంచిది. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఆ రోజే నోరు విప్పేదాన్ని.

పోయిన నెల మా ఆఫీసులో పాత టెలిఫోన్ బోర్డు పీకేశారు. ఎవరి బల్ల మీద వాళ్లకు బటన్ల ఫోన్లు వచ్చాయి. ఇక ఆపరేటరుతో పని లేదు కాబట్టి నాకు శాలువా కప్పి ఇంటికి పంపారు. మేనేజరు లేచి, "ఈ అమ్మ చెవిల పడ్డ ముచ్చట ఇన్నేండ్ల సంది గడప దాటలే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మనిషికి అంతా తెలుసు! తెలిసీ నవ్వుతూ అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ శాలువా తీసి అతని ముఖాన కొట్టాల్సింది. కొట్టానా? లేదు. అందరికీ దండం పెట్టి, ఇచ్చిన లడ్డూ తిని ఇంటికొచ్చాను.

మాది కొత్తవాడలో నేసిన జంపఖానాలు కొని బయటి ఊళ్లకు పంపే కంపెనీ. ఆఫీసంతటికీ ఒకటే ఫోన్ లైను, అది నా బోర్డులోకి వచ్చేది. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా నన్నడగాలి. నేను నంబరు కలిపి, వైరు గుచ్చి, నా వైపు స్విచ్చు ఆపేయాలి. ఆపకపోతే రెండు వైపుల మాటలూ నా చెవిలో పడతాయి. నేను ఆపేదాన్ని కాదు.

మేనేజరు చెప్పాడనే మొదలుపెట్టాను, నిజమే. సొంత పనులకు ఆఫీసు ఫోను వాడుతున్నారని అతనికి మంట. "ఫోన్ కంపెనీది, బిల్లు కంపెనీది. అండ్ల మాట్లాడే ముచ్చట కంపెనీది కాదా?" అనేవాడు. కానీ అంతా అతని మీదికి నెట్టేస్తే నేను శుద్ధపూసనైపోతానా? నాకు వినడం ఇష్టం. ఎవరింట్లో అత్తాకోడళ్లు కొట్టుకున్నారో, ఎవరి కొడుకు పరీక్ష తప్పాడో, అన్నీ నాకు తెలిసేవి. పొద్దస్తమానం మూలన కూర్చునే నాకు, ఎవరూ పలకరించని నాకు, వాళ్లందరికన్నా ఎక్కువ తెలుసన్న పొగరు. సాయంత్రం మేనేజరు గదిలోకి వెళ్లి అన్నీ ఒప్పజెప్పేదాన్ని. అతను ఫైలు చూస్తూనే వినేవాడు. ఏనాడూ కూర్చోమనలేదు.

సారయ్య మా గుమాస్తా. సరుకు పంపే పని చూసేవాడు. రోజూ ధర్మసాగర్ నుంచి బస్సులో వచ్చేవాడు. ఆ ఆఫీసులో నన్ను నోరారా అక్కా అని పిలిచింది అతనొక్కడే. ఒక రోజు అందరూ అన్నాలకు లేచాక నా దగ్గరికి వచ్చి దవాఖానకు కలపమన్నాడు. లోపలి గదిలోకి వెళ్లి ఫోనెత్తాడు. కలిపాను. స్విచ్చు ఆపలేదు.

అవతల డాక్టరు. సారయ్యకు టీబీ. ఎవరికీ చెప్పకుండా నెలల తరబడి సూదులు వేయించుకుంటున్నాడు. అది మొదటి సగం. రెండో సగంలో డాక్టరు మంచి మాట చెప్పాడు. కఫం పరీక్షలో ఏమీ లేదన్నాడు. మందులు మాత్రం ఇంకొన్నాళ్లు ఆపొద్దన్నాడు. ఇక ఎవరికీ అంటుకోదన్నాడు. అదీ విన్నాను.

ఆ సాయంత్రం మేనేజరుతో, సారయ్యకు టీబీ అట సార్, అన్నాను. అతను ఫైలు మూశాడు. "కూసో అమ్మా" అన్నాడు. కూర్చున్నాను. రెండో సగం నా నాలుక చివర ఉంది. అది కూడా చెబితే ఇంక చెప్పడానికేముంది? తగ్గిపోయిన జబ్బు ఎవడికి కావాలి? లేచి పొమ్మంటాడు. ఆ కుర్చీలో ఇంకాసేపు కూర్చోవడం కోసం నోరు మూసుకున్నాను. ఇంతేనా? పగో, భయమో, అసూయో, కాస్త పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్లూ నాలో నేను వెతుక్కున్నాను. దొరకలేదు.

మర్నాడు అతని బల్ల ఫినాయిలుతో కడిగించారు. అతని చాయ్ గ్లాసు పగలగొట్టారు. నిన్నటిదాకా అతని డబ్బాలో కూర లాక్కుని తిన్నవాళ్లే ముక్కుకు రుమాళ్లు కట్టుకున్నారు. థూ! మేనేజరు అతన్ని గుమ్మం బయటే నిలబెట్టి, ఇక పనికి రావద్దన్నాడు. తగ్గిందని సారయ్య మొత్తుకున్నాడు. డాక్టరుతో చీటీ రాయించి తెస్తానన్నాడు. చీటీలు ఎవడైనా రాయించుకుంటాడన్నాడు మేనేజరు.

పోతూ పోతూ సారయ్య నా బోర్డు దగ్గర ఆగాడు. నేను భయపడతానేమోనని దూరంగానే నిలబడ్డాడు.

"అక్కా, నువ్వు ఇన్నవు గదా?"

నేను బోర్డు మీద వైర్లు సర్దుకుంటున్నాను.

"ఇన్నందుకు నాకేం కోపం లేదక్కా. మొత్తం ఇన్నవా, సగమే ఇన్నవా? మొత్తం ఇనుంటే జర వీళ్లకు చెప్పు. డాక్టర్ ఏమన్నడో అదొక్కటి చెప్పు. నువ్వు చెప్తె నమ్ముతరు."

"నాకేం తెల్వది తమ్మీ. నేనేం ఇనలే" అన్నాను.

అతను "మంచిదక్కా" అని వెళ్లిపోయాడు.

విన్నదానికన్నా, మేనేజరుకు మోసినదానికన్నా, ఆ ఒక్క అబద్ధం పెద్దది. నోరు తెరిస్తే సరిపోయేది. నమ్మేవాళ్లు. తెరవలేదు.

మా లారీ డ్రైవరు ఆ కబురు ధర్మసాగర్ దాకా చేరవేశాడు. అక్కడ హోటల్లో సారయ్యకు చాయ్ పోయలేదట. అత్తగారి వైపు వాళ్లొచ్చి అతని భార్యను, పసి కూతురిని తీసుకుపోయారట. ఇవన్నీ కూడా నేను ఫోన్లోనే విన్నాను. అప్పటికీ స్విచ్చు ఆపడం నేర్చుకోలేదు నేను.

కొన్నేళ్లకు ఒక పెళ్లికి ములుగు వెళ్లాను. బస్టాండు పక్కన ఒకతను బీడీల తునికాకు కట్టలు జీపులోకి ఎక్కిస్తున్నాడు. సారయ్య. రాయిలా ఉన్నాడు, దగ్గు లేదు, ఆయాసం లేదు. భార్యాబిడ్డలు తిరిగి రాలేదని, ఒక్కడే వండుకు తింటాడని పెళ్లివారింట్లో ఎవరో చెప్పారు. మా కళ్లు కలిశాయి. నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని గబగబా బస్సెక్కాను. దారంతా అతని మీదే కోపం. ఎందుకు తిట్టడు? నలుగురిలో నా జుట్టు పట్టుకుని ఎందుకు అడగడు? ఎంత సిగ్గులేనిదాన్నో చూడండి. తప్పు నేను చేసి, నన్ను తిట్టే పని కూడా అతనికే అప్పజెప్పాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించడానికి ఇది మీకు జరిగింది కాదు. మేనేజరుకు చెప్పని సగం ఎవరో ఒకరికి చెప్పాలి, అంతే. అందులో మీకు కూడా ఇంకా చెప్పనిది ఒకటుంది. ఇక అంటుకోదని డాక్టరు అన్నాక సారయ్య మెల్లగా అడిగాడు. "సార్, మరి నా బిడ్డను ఎత్తుకోవచ్చునా?"

డాక్టరు నవ్వాడు. "ఎత్తుకోవయ్యా. ఇయ్యాల్నే ఎత్తుకో" అన్నాడు.

సారయ్య ఫోన్లో ఏడ్చాడు. అది కూడా విన్నాను. మొత్తం విన్నాను తమ్మీ.