నీళ్ళకోసం కుట్టించిన సంచి

సైకిల్ మీద దూరాలు తిరిగేవాళ్ళు వెనక చక్రానికి అటొకటి ఇటొకటి తగిలించుకునే సంచుల్ని పానియర్లంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక ఊరుకోవచ్చు కదా, ఆ మాట నలుగురి ముందూ వాడి నవ్వులపాలయ్యాను. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఫొటో సంగతి చెప్పాలి. ఫొటో లేకపోతే సంచుల గొడవే లేదు.

సునామీనాడు మా దీవిలో, సిప్పీఘాట్‌లోని మా ఇంట్లోకి వచ్చిన సముద్రం మిగతా చోట్లలాగా వచ్చి పోలేదు. నేల కుంగిందట, మా ఇల్లు నచ్చినట్టు అక్కడే ఉండిపోయింది. అమ్మా నేనూ ఆస్టినాబాద్‌లో మెరక మీద ఒక అద్దె ఇంట్లోకి మారాం. నాన్న అప్పటికే లేరు. కొన్నాళ్ళకి ఎవరో పుణ్యాత్ములు మా ఇనప్పెట్టె వెతికి తెచ్చిచ్చారు. తాళం చెక్కుచెదరలేదు. లోపల ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి అట్టముక్కలా ఉన్నాయి. అమ్మ ఓపిగ్గా ఒక్కొక్కటే విడదీస్తే, ప్రతి ఫొటోలోని మొహాలూ పక్క ఫొటో వీపుకి అంటుకుని వచ్చేశాయి.

అమ్మమ్మ కూడా అలాగే పోయింది, రెండోసారి. "ముక్కు గుర్తుందే, కళ్ళు గుర్తు రావట్లేదు" అనేది అమ్మ బియ్యం ఏరుకుంటూ. కన్నతల్లి మొహం మర్చిపోతున్నానని ఆవిడ భయం. ఆ మాట వినలేక నాకు కోపం వచ్చేది. దుఃఖం రావలసిన చోటల్లా నాకు కోపం వస్తుంది, పుట్టుకతో వచ్చిన గుణం.

అమ్మమ్మ ఫొటో లోకంలో ఇంకొక్కటే మిగిలింది. దీవుల ఉత్తరపు కొసన, డిగ్లీపూర్‌లో పెద్దమ్మ దగ్గిర. కాపీ తీయించి పంపమంటే పెద్దమ్మ ససేమిరా అంది. స్టూడియోవాడికివ్వదు, పోస్టులో వెయ్యదు. "పిల్ల వచ్చి పట్టుకెళ్తే ఇస్తాను" అని కబురు చేసింది. పిల్లంటే నేనే. అప్పటికి ముప్పై దాటి, బడిలో నలభైమంది పిల్లల్ని బెంచీ ఎక్కించే పంతులమ్మని.

వేసవి సెలవుల్లో వెళ్తానన్నాను. వెళ్ళేటప్పుడు సైకిల్‌తో సహా షిప్పులో వెళ్ళి, వచ్చేటప్పుడు డిగ్లీపూర్ నుంచి సగం దారిలో ఉన్న రంగత్ దాకా తొక్కుకుంటూ వచ్చి, అక్కణ్ణుంచి బోటెక్కుతానన్నాను. కొత్తగా గేర్ల సైకిల్ కొన్నదాన్ని, కాళ్ళు ఊరుకోవు.

"బస్సుంది కదే," అంది అమ్మ.

"బస్సులో నాకు వాంతులు."

"మే నెల. వాన."

"వానకి బస్సు కూడా కారుతుంది."

అమ్మ చేటలో బియ్యం కాసేపు అటూ ఇటూ తోసింది. "ఫొటో తడిస్తే నువ్వు రంగత్‌లోనే ఉద్యోగం చూసుకో. ఇంటికి రాకు." నవ్వుతూ అనలేదు.

కాబట్టి సంచి కావాలి. అంతకుముందు జెట్టీ దగ్గిర ఒక విదేశీ సైకిల్ యాత్రికుడి సంచులు సిగ్గు విడిచి తడిమి చూశాను. ఒక్కోటి ఇరవై లీటర్లని చెప్పాడు. పేరు కూడా ఆయనే చెప్పాడు. అలాంటివి మెయిన్‌లాండ్ నుంచి తెప్పించాలంటే సెలవులు అయిపోతాయి. అందుకని బతు బస్తీలో ఆటోలకి హుడ్లూ, లారీలకి టార్పాలిన్లూ కుట్టే దర్జీ దగ్గిరికి వెళ్ళాను. ఆయన తాతగారిది శ్రీకాకుళం వైపు. ఈయన మాత్రం తెలుగులో మొదలెట్టి హిందీలో తేలతాడు.

"భయ్యా, సైకిల్‌కి పానియర్లు కావాలి. రెండు."

"పానీ... క్యా?"

"పానియర్. వాటర్‌ప్రూఫ్ ఉండాలి, పక్కాగా."

"నీళ్ళకోసమేనా దీదీ?"

"నీళ్ళకోసమే మరి."

"ఎన్ని లీటర్లు?"

ఎంత తెలివైనవాడో, అసలు ప్రశ్న అడిగాడే అని మురిసిపోయాను. "ఒక్కోటి ఇరవై" అన్నాను, పుట్టినప్పట్నించీ పానియర్లే వాడుతున్నదానిలా.

వారం తర్వాత వెళితే కొట్టు ముందు దూలానికి ఒక సంచి వేలాడుతోంది, నిండు చూలాలిలాగా. నిండా నీళ్ళు. కింద ఒక్క చుక్క లేదు. దర్జీ గర్వంగా దాని అడుగున చెయ్యి పెట్టి చిన్న కుళాయి తిప్పాడు. నా చెప్పుల మీద నీళ్ళు ధారగా పడ్డాయి.

"టోంటీ కూడా పెట్టాను దీదీ. ఫ్రీ."

ఆయన తప్పేం లేదు. కుళాయి రోజూ రాని ఊరు మాది. సైకిల్‌కి డబ్బాలు కట్టుకుని నీళ్ళు మోసుకునేవాళ్ళు వీధికి పదిమంది. పానీ అన్నాను, నీళ్ళకోసమే అన్నాను, లీటర్లు కూడా చెప్పాను. ఇంక ఆ మనిషి ఏం కుట్టాలి? పక్కనున్న కిళ్ళీకొట్టాయన నవ్వు ఆపుకోలేక షట్టర్ వెనక్కి వెళ్ళాడు. నేను మాత్రం తగ్గలేదు. "నీళ్ళు లోపల కాదు భయ్యా, బయట ఉండాలి" అన్నాను.

"లోపలివి బయటికి రానప్పుడు బయటివి లోపలికెలా వస్తాయి?" అన్నాడాయన. తర్కం బాగానే ఉంది. సంచి మూతి మాత్రం బావిలా తెరిచి ఉంది.

టోంటీ సంచిని అమ్మ సంతోషంగా లాక్కుంది. వంటింటి బయట తగిలించి చేతులు కడుక్కునేది. నేను మళ్ళీ బతు బస్తీకి వెళ్ళి, ఒక అరిటాకుని సంచిలా మడిచి, జెట్టీ దగ్గిర చూసినట్టు దాని మూతిని మూడు మడతలు చుట్టి చూపించాను. దర్జీకి అప్పుడు పట్టుదల వచ్చింది. లారీ మీద కప్పే దళసరి గుడ్డ తీశాడు. సూది పోటు పడితే ఆ కన్నంలోంచే నీరు దిగుతుందని, అంచుల్ని ఇస్త్రీపెట్టె వేడితో అతికించి, పైన పంక్చర్ సొల్యూషన్ పూశాడు. మడతలు విప్పుకోకుండా ఏదో పాత లైఫ్‌జాకెట్ బకిల్ తెచ్చి బిగించాడు. కొక్కేలు ఇనుపవి పెడితే మా ఉప్పుగాలికి ఏడాదిలో పొడైపోతాయని అల్యూమినియం పట్టీ వంచాడు. మడమ తగలకుండా సంచి కింది మూల కోసెయ్యమని నేను చెప్పాను. ఆ ఒక్కటీ నా తెలివే, రాసిపెట్టుకోండి.

పరీక్ష అమ్మ చేసింది. సంచిలో ఒక అప్పడం వేసి, మూతి చుట్టి, నీళ్ళ డ్రమ్ములో ముంచి పైన రుబ్బురాయి పెట్టింది. పొద్దున పెట్టింది సాయంత్రం దాకా తీయనివ్వలేదు. మొదటిసారి అప్పడం తమలపాకులా వంగింది. అమ్మ అప్పడం నా చేతిలో పెట్టింది అంతే. దర్జీ దగ్గిరికి దాన్నే పట్టుకెళ్ళి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కింది మూల" అన్నాడు. నా తెలివి కోసిన మూల. అక్కడ మళ్ళీ రెండు పొరలు వేశాడు, జతగా రెండో సంచీ అలాగే చేశాడు. రెండోసారి అప్పడం ఫట్‌మని విరిగింది. అమ్మ సగం తిని సగం నాకిచ్చి, "వెళ్ళు" అంది.

డిగ్లీపూర్‌లో పెద్దమ్మ సంచిని చూసి, "ఏటే ఇది, గేదె దాణా సంచిలాగుంది?" అంది. అప్పడం సంగతి చెప్పాను. నమ్మలేదు. పెరట్లో పెట్టి రెండు బిందెల నీళ్ళు గుమ్మరించి, లోపల చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. అప్పుడు గోడమీది ఫొటో దింపి, ఫ్రేములోంచి తీసి, తన చీరకొంగుతో తుడిచి ఇచ్చింది. "ఇన్నాళ్ళూ మా యమ్మ నాకాడుంది. ఇంక దాని వంతని చెప్పు మీ యమ్మకి." చెప్పి లోపలికి వెళ్ళిపోయింది, నన్ను సాగనంపడానికి కూడా బయటికి రాలేదు.

తిరుగుదారిలో రెండోరోజు ఒక దిగుడులో వాన, బురద, నా అతివిశ్వాసం కలిసి నన్ను రోడ్డు పక్క కాలవలో పడేశాయి. సైకిల్ ఫొటో ఉన్న వైపుకే పడింది, సంచి మొత్తం నీళ్ళల్లో. మోకాలు చీరుకుపోయింది, చూసుకోలేదు. విప్పి చూద్దామంటే పైన వాన. టీ బడ్డీ వచ్చేదాకా ఆ మైళ్ళన్నీ ఎలా తొక్కానో తెలీదు. ఏ దేవుడికి మొక్కానో కూడా తెలీదు. బడ్డీ కింద చేతులు తుడుచుకుని సంచి విప్పాను. అమ్మమ్మ పొడిగా ఉంది. కళ్ళు పెద్దవి, అచ్చం అమ్మవే. అక్కడే బెంచీ మీద కూచుని ఏడ్చాను. టీ పోసే అతను మోకాలికి ఏడుస్తున్నాననుకుని పసుపు తెచ్చిచ్చాడు. రెండో సంచికి తొందరలో రెండు మడతలే వేశాను. బిస్కెట్లు జావయ్యాయి.

ఇంటికొచ్చాక అమ్మ ఫొటోని చాలాసేపు చూసింది. "ఇవీ కళ్ళు" అంది. నేను మంచి ఫ్రేము కొనుక్కొచ్చాను. వారం గడిచినా ఫ్రేము ఖాళీగానే ఉంది. ఫొటో సంచిలోనే ఉంది, సంచి వీధి తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది. నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి తెస్తే గోడమీద పెట్టుకోవడానికేం, పైగా నా సంచి, నేను మళ్ళీ యాత్రకి వెళ్ళొద్దా అని అరిచాను. అమ్మ వినిపించుకోలేదు.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం భూమి కొద్దిగా ఊగింది. మాకది కొత్త కాదు. గిన్నెలు గలగలమంటుండగా నేను బయటికి పరుగెత్తేసరికి అమ్మ అప్పటికే వాకిట్లో ఉంది, చేతిలో సంచితో. ఊగడం ఆగాక, ఏదీ చూపించమన్నాను, ఫొటో నలిగిందేమోనని. అమ్మ మూతి విప్పింది. ఫొటో ఉంది. దాని కింద మడతపెట్టి నా చుడీదార్ జత ఒకటి ఉంది, తువ్వాలు ఒకటి.

"ఇవెందుకు?" అన్నాను.

"ఆవేళ సముద్రం వచ్చినప్పుడు కొండమీద సాయంత్రం దాకా తడిబట్టల్తో వణుకుతూ నిలబడ్డావు. నీకు కప్పడానికి నా దగ్గిర గుడ్డపేలిక లేదు," అంది అమ్మ.

ఈసారి కోపం రాలేదు. లోపలికి వెళ్ళి రెండో సంచి తుడిచి, అందులో అమ్మ చీర ఒకటి పెట్టి, పక్కన ఇంకో మేకు కొట్టాను.