బల్ల కింద పెద్దాయన

ఆ రోజుల్లో నాకున్న ధైర్యం తలుచుకుంటే ఇప్పుడు నాకే భయమేస్తుంది. తొంభైల సంగతి. డిగ్రీ పాసై ఏడాది తిరక్కుండానే భవానీపురంలో బాబాయి వాళ్ల మేడ మీద గదిలో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పడం మొదలెట్టేశాను. (నువ్వెక్కడ నేర్చుకున్నావని ఎవరూ అడగలేదు. అడిగినా ఏదో ఒకటి చెప్పేసేవాణ్ణి, అంత ధీమా.) నా పద్ధతే వేరు. పుస్తకం ముట్టుకోనివ్వను. ఏ మాటైనా ఒంటితో చేసి చూపించాల్సిందే. 'ఆన్' అంటే కుర్చీ ఎక్కాలి, 'బిహైండ్' అంటే తలుపు వెనక్కి వెళ్లాలి. కొండపల్లి నుంచి వచ్చే ఉద్యోగస్తుల దగ్గర్నుంచి ఇంటర్ పిల్లల దాకా అందరూ కిక్కురుమనకుండా ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు.

అప్పుడే నాకొక సంబంధం వచ్చింది. కూచిపూడి దగ్గర పల్లె. అమ్మాయి ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటానని అమ్మకి చెప్పేశాను కూడా. అయితే అటువైపు అంతా పిల్ల మేనమామ మాటే. ఆయన సరేనంటే సరే, లేదంటే లేదు. "నీ గురించి వాకబు చేస్తారటరా, కాస్త ఒద్దిగ్గా ఉండు" అంది అమ్మ. మా వైపు వాకబంటే చెప్పి రారు. అద్దెకి గది అడగడానికొచ్చినట్టో, దారి తప్పినట్టో వచ్చి, కుర్రాడి నడత చూసి చల్లగా వెళ్లిపోతారు. ఒద్దికలో నన్ను మించినవాడెవడులే అనుకున్నాను.

ఆ రోజు పాఠం 'అండర్'. "అండర్ అంటే కింద. ఎక్కడో దిగువన కాదు, పైనున్నది మనల్ని కప్పినట్టుండాలి. గొడుగు కింద, మంచం కింద, బల్ల కింద, అన్నిటికీ అండరే!" అని నేను ఊదరగొడుతుండగా గుమ్మంలో ఒక పెద్దాయన కనిపించారు. గంజి పెట్టిన తెల్లపంచె, భుజాన కండువా. "ఇక్కడ ఇంగిలీషు చెబుతారంటగా బాబూ, కాసేపు చూసిపోదామని" అన్నారు. చూసిపోవడమా! నా క్లాసులో!

"చూస్తే రాదండీ, చేస్తేనే వస్తుంది. రండి, ఈ బల్ల కిందకి దూరండి."

"నేనా?"

"మీరేనండీ. కొత్తగా వచ్చినవాళ్లతోనే మొదలుపెడతాను."

"మోకాళ్ల నొప్పులు బాబూ..."

"ఇంగ్లీషుకి మోకాళ్లతో పనేముందండీ!" (ఆ పూట పనంతా మోకాళ్లదేనని నాకు తట్టలేదు.)

ఆయన అటూ ఇటూ చూశారు. ఏదో చెప్పబోయి మింగేశారు. కండువా నడుముకి బిగించి, "రామా, కృష్ణా" అనుకుంటూ దూరిపోయారు. "పెద్దాయన ఈజ్ అండర్ ది టేబుల్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. "మీరూ అనండి, ఐ యామ్ అండర్ ది టేబుల్" అన్నాను వంగి. "అయామండర్ దిటేబులు" అని కింద నుంచి సన్నగా వినిపించింది. అబ్బ, నాకెంత గర్వమో!

సరిగ్గా అప్పుడే బాబాయి వచ్చాడు. ఈ సంబంధం తెచ్చింది ఆయనే. అందరూ బల్ల కిందకే చూస్తుంటే తనూ వంగి చూసి, నిలువునా కొయ్యబారిపోయాడు. "అయ్యయ్యో బావగారూ! తమరు బల్ల కిందేంటండీ!" అని, నా చెవిలో "ఓరి నీ అఘాయిత్యం కూలా, పిల్ల మేనమామరా!" అన్నాడు. పెద్దాయన మెల్లగా బయటికొచ్చి, పంచె దులుపుకుని, బాబాయి తెప్పించిన గోలీసోడా సగం తాగి, నా వంక ఒక్క చూపు చూసి మెట్లు దిగిపోయారు. ఇక పెళ్లీ లేదు పాడూ లేదనుకుని మంచమెక్కాను. ఫోటో చూసుకుని ఏడ్చాను కూడా, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

వారం తిరిగేసరికి ముహూర్తాలు పెట్టుకుందామని కబురొచ్చింది! ఆయన ఇంట్లో అన్నారట: "ఊళ్లో నాకు ఎదురు చెప్పేది మా పిల్లొక్కతే. దాని నోటికి జడిసి పారిపోనివాడు ఎక్కడ దొరుకుతాడా అని బెంగగా ఉండేది. నన్నే బల్ల కింద దూర్చాడంటే మాటలా! వీడైతే తట్టుకుంటాడు."

ఆయన పోయేదాకా ఆ మాటే నమ్మారు. నిజం మా ఇంట్లో అందరికీ తెలుసు. నిన్న కూడా, టీలో పంచదార తక్కువైందని చెబుదామని వంటగది గుమ్మం దాకా వెళ్లాను. "ఏంటీ?" అంది మా ఆవిడ వెనక్కి తిరక్కుండానే. "ఏం లేదోయ్, టీ బావుంది" అని వచ్చి కూర్చున్నాను. ఆ భవానీపురం కుర్రాడు ఏమైపోయాడో, ఎప్పుడు పోయాడో కూడా తెలియదు. పాపం మేనమామగారు వాణ్ణి చూసి పిల్లనిచ్చారు. కాపురం నేను చేస్తున్నాను.