చుట్టం అనే మాట

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఏడు మా ఆయనను పట్టుకుపోయారు. మా అత్త నోటిమాటే అందుకు కారణం. కరీంనగర్ దగ్గర నేతపనివాళ్ల ఊరు మాది. అడవిలో ఉన్న కమ్యూనిస్టు దళాల కోసం పోలీసులు ఊరి బయట క్యాంపు వేసి ఇల్లిల్లూ గాలించేవారు. "నీ కొడుకెక్కడ?" అని అడిగితే ఆమె గర్వంగా, "మావోడు సంఘంల పెద్దమనిషి. ఆడికే పోయిండు" అన్నది.

ఆమె చెప్పింది నూలు పంచే నేతగాళ్ల సంఘం గురించి. ఆ రోజుల్లో మా వైపు 'సంఘపోళ్లు' అంటే తుపాకులు పట్టినవాళ్లు కూడా. వచ్చినవాళ్లకు ఆ అర్థమొక్కటే తెలుసు.

ఇంట్లో కాలేజీ చదివింది నేనొక్కదాన్నే. జ్వరంతో ఉన్న బాబును భుజాన వేసుకుని అత్తతో క్యాంపుకు వెళ్లాను. ఆఫీసరు కోస్తావైపు మనిషి, మర్యాదస్తుడు. నేను చెప్పిందంతా విని, సంఘం గదికి ఒక జవానును పంపాడు. వాడు తిరిగివచ్చి, "నూలు తప్ప ఏమీ లేదు సార్" అన్నాడు.

ఊపిరి పీల్చుకునేలోపే ఆఫీసరు ఇంకొకటి అడిగాడు.

"మీ మాటలు తెలియక తప్పులు చేస్తున్నామమ్మా. మీరు చదువుకున్నవారు, చెప్పండి. ఈ వీధి ఆడవాళ్లు 'ఇయ్యాల చుట్టం అచ్చిండు' అంటారట. ఎవరండీ ఆ చుట్టం?"

నాకు తెలుసు. అడవి నుంచి వచ్చి ఇళ్లలో దాక్కునేవాళ్లకు మా వీధి ఆడవాళ్లు పెట్టుకున్న గుర్తుమాట అది. పక్కింటామె తమ్ముడు కాలికి తూటా తగిలి, ఆమె మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలో పడుకుని ఉన్నాడు. పక్క ఊరి పట్వారీని చంపింది అతని దళమేనని అనుకునేవారు. ఆ పట్వారీ భార్య నాకంటే చిన్నది. ఇటు చూస్తే డేరా వెనక మా ఆయన.

"చుట్టం అంటే చుట్టమేనండీ" అన్నాను.

అత్త అందుకుంది. "మీ దిక్కు చుట్టాలకు బువ్వ పెట్టరా సారూ?"

జవాన్లు నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. "మీ ఆయన్ని తీసుకెళ్లండి" అన్నాడు.

ఆ సాయంత్రం పక్కింటామె గోడ దగ్గరికి వచ్చింది. "ఏమడిగిండ్రు చెల్లె?"

"చుట్టం అంటే ఏందని."

తెల్లారేసరికి ఆ మగ్గం గుంట ఖాళీ. అతను ఎటు పోయాడో, ఆ కాలితో ఇంకెవరి గడప తొక్కాడో తెలియదు. నేను కాపాడింది ఒక ప్రాణాన్నా, పోగొట్టింది మరొకరి ప్రాణాన్నా అన్నది బాబుకు పాలిస్తూ ఎన్నోసార్లు ఆలోచించాను. తేలలేదు.

ఆ వారంలోనే మా నాన్న మనవడిని చూడ్డానికి వచ్చాడు. గుమ్మంలో అత్త "చుట్..." అని నోరు తెరిచి, ఆగి, వీధి చివరి జవానుకు వినపడేలా కేకేసింది.

"నా వియ్యంకుడు! కోడలి బాపు! అందరు సూడుండ్రి!"

నాన్న పకపకా నవ్వాడు. మా వీధిలో ఇంకెవరూ నవ్వలేదు.