కోట లోపలి బొమ్మలు

స్టీల్ ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 6లో మా క్వార్టర్ వరండాలో ప్లైవుడ్ బల్ల వేసుకుని నేనూ, పక్క క్వార్టర్ మిత్రుడూ ఏళ్ల తరబడి బొబ్బిలి యుద్ధం ఆట ఆడుతూ కోట కోసం కొట్టుకున్నాం. వాడిది బొబ్బిలి, నాది విజయనగరం. ఇద్దరం ప్లాంటులో ఒకే మెషిన్ షాపులో పనిచేసి రిటైరయ్యాం. అంగుళం ఎత్తు సైనికులను చేసి రంగులు వేసింది వాడు. ఇత్తడి ఫిరంగులను లేత్ మెషిన్ మీద చేసింది నేను. ఫిరంగి ఎంత దూరం కొడుతుందో టేపుతో కొలిచేవాళ్లం, తగిలిందో లేదో పాచికలు చెప్పేవి.

నియమాలన్నీ నేనే రాశాను. అసలు యుద్ధంలో విజయనగరంవాళ్లు వెంటేసుకొచ్చిన ఫ్రెంచి ఫిరంగులకు కోట పడిపోతుంటే, శత్రువు చేతికి చిక్కకూడదని లోపలివాళ్లు తమ ఆడవాళ్లను తామే చంపుకున్నారు. అందుకని గోడ కూలితే ఆడవాళ్ల బొమ్మలను బొబ్బిలివాడే తన చేత్తో బల్ల మీంచి తీయాలని పెట్టాను. ఎంత గొప్పగా ఆలోచించానో అని మురిసిపోయాను కూడా. వాడు ప్రతిసారీ తీసేవాడు, నన్ను తిడుతూ.

"మీ ఇజీనగరమోల్లకి సిగ్గు నేదురా! పరాయోల్ల ఫిరంగులెట్టుకుని వొస్తారు!"

నిరుడు వాడి భార్య పోయింది. ఇరవై రోజులు వెంటిలేటర్ మీద ఉంచి, ఇక లాభం లేదన్నాక, తీసేయమని వాడే సంతకం పెట్టాడు. ఆ తర్వాత తలుపు వేసుకున్నాడు. తిండి లేదు, మాట లేదు. వీడు కూడా ఇలాగే పోతాడని నాకు భయం పట్టుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బల్ల ముందు కూర్చోబెట్టాను. ఈసారి బొబ్బిలే గెలవాలి. గెలిస్తే నన్ను ఎగతాళి చేస్తాడు, నోరు విప్పుతాడు. అంతే నాకు కావలసింది.

ఫిరంగులను గోడకు అందనంత దూరంలో పెట్టాను. వాడు చూశాడు.

"ఏటిరా ఇది? జాలి సూపిత్తన్నావేటి? ఛోడ్ నా యార్, ముందుకి తే."

హమ్మయ్య, మాట్లాడాడు! ఆ సంతోషంలో నా బుద్ధి గడ్డి తింది. పౌరుషం కూడా పొడుచుకొచ్చింది. "అయితే సూస్కో!" అని ఫిరంగులు ముందుకు తోసి పాచికలు విసిరాను. రెండు ఆర్లు పడ్డాయి, గోడ కూలినట్టే. అట్టగోడ తీసి పక్కన పెట్టి, పాత అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టాను.

"తియ్యి తియ్యి, నీ ఆడోల్లని తియ్యి!"

వాడు చెయ్యి చాపాడు. బొమ్మల మీదే ఆగిపోయింది ఆ చెయ్యి.

"ఓపాలి సంతకం ఎట్టేసేను గదరా," అన్నాడు, కోపం కూడా లేకుండా. "మల్లీ నాసేతే తీయిస్తావేటి?"

నేను గబగబా అట్టగోడ తీసి మళ్లీ నిలబెట్టాను. వాడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వాడి తలుపు గడియ పడిన చప్పుడు మా వరండాలోకి వినిపించింది.

రోజూ వెళ్లి తలుపు తడుతున్నాను. తీయడం లేదు.