బిందెలోంచి పట్టిన శాంపిల్

2019 ఎండాకాలం. నందిగామ దగ్గర ఒక ఊరు. భూగర్భజలాల పరీక్షకు శాంపిళ్లు పట్టే టెక్నీషియన్‌గా వెళ్లాను. ఊరి చివర, యంత్రాల విడిభాగాలు కడిగే షెడ్డు ఒకటి మూతపడి ఉంది. దాని పక్కింటి మరియమ్మగారు, బోరు నీళ్లు వాసనొస్తున్నాయని మూడు అర్జీలు పెట్టారు. తాగడానికీ వంటకీ వాళ్లకు ఆ బోరే దిక్కు.

కరెంటు లేదు, మోటారు ఆడదు. సాయంత్రంలోగా జగ్గయ్యపేట వెళ్లాలి. ముందురోజు పట్టి ఉంచిన బిందెలోంచే సీసా నింపేశాను.

“అందులో కాదండీ, బోరు దగ్గర పట్టండి. బిందెలో తెల్లారేసరికి వాసన పోద్ది,” అన్నారామె.

“పోతే మంచిదేగా అమ్మా!” అని నవ్వాను.

రిపోర్టు శుభ్రంగా వచ్చింది. ఫైలు మూసేశారు.

ఆమె మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆ షెడ్డులో విడిభాగాలు కడిగేది సాల్వెంట్‌తో, అంటే గ్రీజు కరిగించే రసాయనంతో. మూత లేకుండా ఉంచితే గాల్లో కలిసిపోతుంది. అది పోయిన నీళ్లనే నేను పరీక్షకు పంపాను. మళ్లీ పడతానని ఆఫీసరును అడిగాను.

“సీసాలు నింపేవాడివి, సైంటిస్టువి ఎప్పుడయ్యావయ్యా?” అన్నాడు, అందరి ముందూ. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తే. పదకొండు ఉత్తరాలు రాశాను, ప్రతిదానికీ రసీదు తీసుకున్నాను. పన్నెండోదానికి అనుమతి వచ్చింది.

ఈసారి మోటారు చాలాసేపు ఆడించి, పైపులో నిలవ నీళ్లు పోయాక, వయల్ అనే చిన్న గాజుసీసాను అంచుదాకా నింపి మూత బిగించాను. తలకిందులు చేసి చూశాను. గాలి బుడగ ఉంటే సాల్వెంట్ అందులోకి చేరిపోతుంది. మరియమ్మగారూ వంగి చూశారు.

“ఇప్పుడన్నా సరిగ్గా పట్టారా?”

పట్టాను. పరీక్షలో సాల్వెంట్ బయటపడింది. ట్యాంకరు వచ్చింది. తర్వాత పంప్ అండ్ ట్రీట్ మొదలైంది. అంటే నీళ్లు తోడి, టవర్లో గాలి కొట్టి, బొగ్గు ఫిల్టరులోంచి పంపడం. రాతి పగుళ్లలో ఇంకిన సాల్వెంట్ తొందరగా వదలదు. ఇప్పటికీ తోడుతూనే ఉన్నారు.

మొన్న వెళ్లినప్పుడు, ఆ ఆఫీసరు మాట ఇంకా మండుతోందని ఆమెతో అన్నాను.

“మీకు ఆయన మాట గుర్తుండిపోయింది బాబూ. నాకు మీ నవ్వు గుర్తుంది.”

నేను ఉత్తరాలు రాసినన్నాళ్లూ వాళ్లు తాగింది ఆ నీళ్లే. తాగొద్దని చెప్పాను కానీ, శుభ్రమన్న నా రిపోర్టునే చూపించి ఆఫీసువాళ్లు ట్యాంకరు ఇవ్వలేదు.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా మొదటి సీసా అర్జీ పెట్టినవాళ్లు చూపించిన చోటే నింపుతాను.