చిన్నాన్న తాగేసిన అంబలి బొమ్మ

నేను పెరిగిన రోజుల్లో మా ఇంట్లో తిండి అనేది తినడానికే గాని చూడ్డానికి కాదు. చూడ్డం తప్పు కూడాను. ఎవరైనా తింటూంటే అటు చూడకూడదు, పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నెలోకి తొంగి చూడకూడదు, పక్కింటికి కూర గిన్నె వెళ్తూంటే మొహం తిప్పుకోవాలి. చూస్తే దిష్టి. ఇంత కట్టుదిట్టమైన ఇంట్లో పుట్టిన నేను చివరికి తిండి బొమ్మలు గీసుకుంటూ బతకడమేమిటో, తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఇప్పుడు హోటల్లో ప్లేటు రాగానే అందరూ ఫోన్లు తీసి ఫొటోలు కొడుతున్నారు కదా, మా మామ్మ (అంటే మా నాన్నకి అమ్మ) గనక పక్కనుంటే ఆ ప్లేటుకీ, ఫోనుకీ, మనిషికీ కలిపి ఒకేసారి ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసేది. ఆ ఉప్పు చిటపటమంటే దిష్టి ఉన్నట్టు. అనకపోతే చాలా గట్టి దిష్టి ఉన్నట్టు. మామ్మ లెక్కలో దిష్టి లేని రోజు లేదు.

చోడవరంలో మాది బుచ్చయ్యపేట రోడ్డు వైపు, చెరకు తోటలకి ఆనుకుని ఉన్న ఇల్లు. నాకు బొమ్మల పిచ్చి. గోడలమీద, గుమ్మాలమీద, సిమెంటు బస్తా కాగితాలమీద గీసేదాన్ని. వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, బొమ్మలగుంట అనేవారు (మా వైపు ఆడపిల్లని గుంట అంటారు). కానీ గీసేదల్లా ఏమిటంటే యాపిలు పళ్ళు, ద్రాక్ష గుత్తులు. మా బడిలో అందరూ అవే గీసేవారు. యాపిలు పండుని నిజంగా చూడాలంటే ఇంట్లో ఎవరికో జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేరాలి, చూడ్డానికొచ్చినవాళ్ళు పట్టుకురావాలి. అలాంటి పండుని మేం కళ్ళు మూసుకుని, ఆకుతో సహా, పక్కన నీడతో సహా వేసేసేవాళ్ళం. జామకాయ గీసిన పాపాన ఒక్కళ్ళూ పోలేదు.

ఇంటరు అయ్యాక విశాఖపట్నంలో బొమ్మల కోర్సులో చేరతానని పట్టుబట్టాను. మా నాన్న మాట తక్కువ మనిషి. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఒక్కసారే ఎల్దుం. సీటొస్తే సదువుకో. రాకపోతే మాటాడకుండా టైపు నేర్సుకో. టైపొస్తే ఎక్కడైనా బతకొచ్చు," అన్నాడు. టైపు మిషను మీద నాకు పగేమీ లేదు గాని, జీవితమంతా ఎవరో చెప్పిన అక్షరాలు కొడుతూ కూర్చోవడం తలుచుకుంటే గుండెలో రాయి పడేది. ఆ కోర్సుకి ఇంటర్వ్యూ ఉంటుంది, ఎదురుగా వస్తువులు పెట్టుకుని చూస్తూ వేసిన బొమ్మ ఒకటి పట్టుకెళ్ళాలి. ఇక నా బతుకంతా ఆ ఒక్క బొమ్మ మీద పడింది.

నేను చేసిన మొదటి తెలివితక్కువ పని మాడుగుల హల్వా గీద్దామనుకోవడం. మా వైపు గొప్పగా చెప్పుకోదగ్గ తిండి అదే కదా! అమ్మని బతిమాలి తెప్పించి, పెళ్ళిలో పెట్టిన వెండి పళ్ళెంలో పెట్టి, నెయ్యి మెరుపు ఎలా తేవాలా అని ఆలోచిస్తూ నీళ్ళ గ్లాసు తెచ్చుకుందామని లేచాను. తిరిగొచ్చేసరికి వెండి పళ్ళెం మాత్రం బాగా మెరుస్తోంది. చిన్నాన్న గుమ్మంలో కూర్చుని వేళ్ళు నాక్కుంటున్నాడు. ఈయన మా నాన్నకి తమ్ముడు, పెళ్ళి చేసుకోలేదు, తెల్లారకుండా లేచి చెరకు తోటకి నీళ్ళు కట్టి ఎండ ఎక్కాక ఇంటికి వచ్చేవాడు. వచ్చాక ఎదురుగా ఏదుంటే అది తినేవాడు. "నీకోసం కాదు సిన్నాన్నా అది, బొమ్మకి!" అని నేను ఏడుపు లంకించుకుంటే, "బొమ్మకి నోరేదే? నాకుంది," అన్నాడు.

మా డ్రాయింగు మాస్టారికి చెప్పుకున్నాను. ఆయన దగ్గర అట్ట ఊడిపోయిన పెద్ద బొమ్మల పుస్తకం ఒకటుండేది. అందులో ఎప్పటివో దేశంకాని దేశపు చిత్రాలు. విరిచిన రొట్టె, తొక్క సగం ఒలిచి వదిలేసిన నిమ్మకాయ, పళ్ళెంలో చేపలు. "చూడమ్మా, వాళ్ళు రోజూ తినేదే వాళ్ళు గీసుకున్నారు," అన్నారాయన. "మన గుళ్ళల్లో రాతి బొమ్మలు చూడు. వెన్నముద్దుంది, ఉండ్రాళ్ళున్నాయి, చెరకు గడుంది. అన్నీ దేవుళ్ళు తినేవి. అంబలి గిన్నె ఎక్కడైనా చూశావా? పొద్దున్నే మనమంతా తాగేది అదే, ఒక్క శిల్పికీ గుర్తు రాలేదు." అంటూనే ఇంకో సంగతి కూడా చెప్పారు. మనం అంబలిలో నంజుకునే మిరపకాయ అసలు ఈ దేశానిదే కాదట. ఎవరో ఓడలో పట్టుకొచ్చారట, అంతకుముందు మనవాళ్ళు మిరియాలతో సరిపెట్టుకునేవారట. నేను ఈ చరిత్రంతా మోసుకొచ్చి మామ్మకి చెప్పాను. మామ్మ విసుర్రాయి తిప్పడం ఆపి, "మరంతకు ముందు దిష్టి దేంతో తీసీవోరంట?" అంది. మర్నాడు మాస్టారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ తర్వాత తిండి చరిత్రల పుస్తకాలు నేను కూడా చాలానే చదివాను గాని, మామ్మ ప్రశ్నకి జవాబు ఎవరూ రాయలేదు.

అలా అంబలి ఖాయమైంది. మామ్మ చోడి పిండిని (మీరు రాగులంటారు, మా వైపు చోళ్ళు) ముందురోజే నానబెట్టి, పులిసాక నూకలు వేసి కాచి, చల్లారాక మజ్జిగా ఉప్పూ కలిపేది. సొట్టపడిన సత్తు గిన్నెలో అంబలి, పక్కన ఉల్లిపాయ, వేయించిన ఊరమిరపకాయలు, నిప్పులమీద కాల్చిన ఎండుచేప. చిన్నాన్న పొద్దుటి తిండి అది. ఆయన వచ్చేలోగా పీటమీద పెట్టుకుని గీద్దామని కూర్చున్నాను. ఆ రంగుందే, అది ఇటుక రంగు కాదు, కాఫీ రంగు కాదు. చూస్తూండగా పైన సన్నటి పొర కట్టి ఇంకో రంగయిపోతుంది. నేను కళ్ళు చికిలించి, ఒక కన్ను మూసి, ముందుకీ వెనక్కీ ఊగి చూస్తూంటే మామ్మ గుండెలు బాదుకుంది. "ఒసే గుంటా, కూడుని అలా సూత్తావేటే, పిల్లి సేపని సూసినట్టు? ఆడు తాగాలే అది!"

ఆమె భయపడ్డట్టే అయింది. ఆ రోజు అంబలి తాగిన చిన్నాన్నకి ఎక్కిళ్ళు పట్టుకుని పొద్దుగూకేదాకా వదల్లేదు. (మండే ఎండలోంచి వచ్చి చల్లటిది గటగటా తాగితే ఎవరికైనా వస్తాయి. ఆ మాట ఆ రోజు నేనంటే ఎవరు వింటారు?) మామ్మ ఉప్పు తిప్పింది, మిరపకాయలు తిప్పింది, చీపురు తిప్పింది. మర్నాటి నుంచి బొమ్మ బందు అంది. నేను రెండు పూటలు అన్నం మానేశాను. చివరికి మామ్మే దిగొచ్చింది. పొలానికి కూర పంపేటప్పుడు ఎవరి కన్నూ పడకుండా గిన్నెమీద బొగ్గుముక్క పెట్టే అలవాటు ఉంది కదా, అదే పెద్ద బొగ్గొకటి ఏరి తెచ్చి ఎండుచేప పక్కన పెట్టి, "ఇప్పుడు సూసుకో ఎంతసేపైనా," అంది. మాస్టారేమో ఎదురుగా ఏది ఉంటే అది వెయ్యాలన్నారు. తీసేస్తే మామ్మ ఊరుకోదు, వదిలేస్తే బొమ్మ అబద్ధమవుతుంది. బొగ్గు కూడా బొమ్మలోకి ఎక్కింది.

కానీ చిన్నాన్న ఆకలికి బొగ్గు అడ్డమా? నేను సగం వెయ్యకుండానే ఆయన రావడం, గిన్నె ఎత్తడం, నా బొమ్మ నీళ్ళపాలవడం. రోజూ ఇదే వరస. ఇంటర్వ్యూ రేపనగా మామ్మ వంటింటి గుమ్మంలో కాళ్ళు బార జాపుకుని అడ్డంగా కూర్చుంది. చిన్నాన్న వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు, లోపలికి రాబోతే ఆవిడ కదల్లేదు. "గుంట బతుకురా ఇది. కాసేపు ఓర్సుకో," అంది. పాపం ఆయన వాకిట్లో చతికిలబడ్డాడు. కాసేపటికి అక్కడినుంచి కేక. "ఒలే, ఉల్లిపాయ అయ్యిందేటి?" అయింది. మామ్మ తీసుకెళ్ళి ఇచ్చింది. కరకరమని నమిలిన చప్పుడు. "మిరపకాయలయ్యేయా?" అయ్యాయి, వెళ్ళాయి. నేను బొమ్మని అందం ప్రకారం కాదు, చిన్నాన్న ఆకలి ప్రకారం వేసుకుంటూ పోతున్నాను. "సేప?" సగమే అయిందంటే వినకుండా లేచొచ్చి మామ్మ మీంచి చెయ్యి జాపి ఓ కొరుకు కొరికి మళ్ళీ పీటమీద పెట్టేశాడు. అప్పటికే తల వేసేశాను, మిగతాది ఇప్పుడున్నట్టు వేద్దామా, ఇందాక ఉన్నట్టు వేద్దామా? మాస్టారి మాట గుర్తొచ్చి పంటి గాటుతో సహా వేశాను. ఆఖరికి గిన్నె కూడా వెళ్ళింది. పీటమీద బొగ్గుముక్క ఒక్కటే మిగిలింది, దాన్ని తీరిగ్గా వేసుకున్నాను.

విశాఖపట్నం బస్సులో ఆ బొమ్మని మామ్మ పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. అక్కడ వరండా నిండా పిల్లలు, గోడకి ఆనించిన బొమ్మల నిండా యాపిళ్ళు, ద్రాక్షలు. నా అంబలి గిన్నె చూసి ఎవరో కిసుక్కుమన్నారు. గబుక్కున చీర మళ్ళీ కప్పేశాను. లోపల బల్ల వెనక ముగ్గురున్నారు. ఎలా మాట్లాడాలో మాస్టారు నాకు పుస్తకం భాషలో బట్టీ పట్టించి పంపారు. ఒకాయన బొమ్మమీద వేలు పెట్టి, "ఇదేమిటమ్మా, నల్లరంగు కారిందా?" అనేసరికి ఆ భాషంతా ఎగిరిపోయింది.

"కాదండి, బొగ్గండి. దిష్టికండి."

"ఎవరి దిష్టికి?"

"నాదేనండి. నేనే కదండి, రోజూ సూస్తన్నాను."

పక్కనున్న మేడమ్ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయిపోయింది, ఇక టైపే అనుకున్నాను. ఇంతలో మూడో ఆయన, అందరిలోకీ పెద్దాయన, బొమ్మని దగ్గరికి లాక్కుని, "ఈ చేపని ఎవరు కొరికారు?" అని అడిగారు. మా సిన్నాన్నండి, ఆకలికి ఆగలేకపోయేడండి, అని మొదలుపెట్టి ఉల్లిపాయ దగ్గరినుంచి మొత్తం చెప్పేశాను. ఆయన నవ్వలేదు. గోడవారన ఉన్న బొమ్మలకేసి ఓసారి చూసి, "పొద్దున్నించీ ఇన్ని పళ్ళు చూశాను. ఒక్క పండైనా ఎవరూ తినలేదు," అన్నారు.

సాయంత్రానికి సీటొచ్చిందని చెప్పారు. తిరుగు బస్సు అనకాపల్లి దాటాక నాన్న కిటికీలోంచి చూస్తూ, "పోనీలే, ఆ టైపు మిషను ఇంకెవురో కొట్టుకుంటారు," అన్నాడు. మామ్మ గుమ్మంలోనే అడిగింది, "అంబలి నచ్చిందా ఆలకి?" అని. బొమ్మ నచ్చింది మామ్మా అంటే, "అదేలే. అంబలి బాగుంటేనే కదా బొమ్మ బాగుంటాది," అంది. చిన్నాన్న అయితే టీకొట్టు దగ్గర కూర్చుని మా గుంటకి సీటొచ్చింది నా పంటి వల్లే అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. కాదనడానికి నాకెక్కడ నోరుంది?

మామ్మ పోయింది. కొన్నాళ్ళకి చిన్నాన్నా పోయాడు. నేను విశాఖపట్నంలోనే ఉండిపోయాను. ఇప్పుడిక్కడ బీచిలో పొద్దున్నే నడిచేవాళ్ళు కాగితం కప్పుల్లో అంబలి తాగుతున్నారు, ఒంటికి మంచిదట. మొన్న వేసవిలో ఒక హోటలువాళ్ళు గోడకి మన పాత తిండి బొమ్మలు కావాలన్నారు. అంబలి లేకుండా ఎలా? బజారంతా తిరిగి చోడి పిండి తెచ్చి, రాత్రి నానబెట్టి, పొద్దున్న కాచి, సత్తు గిన్నె దొరక్కపోతే స్టీలు దాంట్లోనే పోసి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టుకుని కూర్చున్నాను. ఎంత హాయి! ఎవరూ తొందరపెట్టరు, ఎవరూ చెయ్యి జాపరు. ఎండ కిటికీలోంచి జరిగి గోడమీదికి ఎక్కింది, అంబలిమీద పొర కట్టింది, నేను రంగు కలుపుతూనే ఉన్నాను. ఒకసారెందుకో లిఫ్టు ఆగిన చప్పుడైతే గబగబా కుంచె కదిపాను. పక్క ఫ్లాటువాళ్ళు. నాకు ఒక్కసారిగా మామ్మ మీద, చిన్నాన్న మీద బెంగ పుట్టుకొచ్చింది. ఈ వయసులో, నెరిసిన జుట్టుతో, చిన్నపిల్లలా బెంగ.

బొమ్మ పూర్తయింది, బాగానే వచ్చింది. హోటలువాళ్ళు మెచ్చుకున్నారు కూడా. ఆ రోజు చీకటి పడబోతూంటే గిన్నెని సింకులో ఒంపడానికి మనసొప్పక, గరిటెతో కలిపి ఓ గుక్క నోట్లో పోసుకున్నాను. ఉప్పు లేదు. మజ్జిగ కలిపాను, ఉల్లిపాయ కోశాను, మిరపకాయలు వేయించాను, ఉప్పు మాత్రం వెయ్యలేదు. ఎవరో తాగుతారనుకుంటే కదా, చెయ్యి ఉప్పు డబ్బా మీదికి వెళ్ళేది!